టాప్ గేర్లో శ్రీశైలం రోడ్డు

శ్రీశైలం వైపు బయల్దేరినవాళ్ళు ఎవరైనా మల్లన్న దర్శనానికి వెళ్తారు. నేను వెళ్ళింది గేర్‌బాక్సు కోసం. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. శ్రీశైలానికి కాస్త ఇవతలున్న దోమలపెంట దాకా వెళ్ళి, గుడి వైపు ఒక దండమైనా పెట్టుకోకుండా వెనక్కి తిరిగొచ్చిన మనిషిని ఈ హైదరాబాదులో ఇంకొకర్ని చూపించండి చూద్దాం.

మాది సినిమాలకి సామాను అద్దెకిచ్చే షాపు. ఫిల్మ్ నగర్‌లో స్టూడియోకి వెళ్ళే దారిలో పక్క వీధిలో ఉంటుంది, దాని వెనక భాగంలోనే మా ఇల్లు. పాతకాలం టెలిఫోన్లు, నిలువెత్తు ఇత్తడి దీపపు సెమ్మెలు, జమీందారు సోఫాలు, కోర్టు బోను, జైలు ఊచలు, ఏది అడిగినా లేదనకుండా ఇస్తాం. నేనూ, మా ఆయన ప్రసాద్ గారూ కలిసి నడుపుతాం. సామాను మొయ్యడానికి ఒక డీజిల్ పికప్ బండి ఉంది. ముందు క్యాబిన్, వెనక తొట్టి. బండి పాతదే గానీ ఇంజను మహా గట్టిది. అలాంటి బండికి ఏడాది తిరక్కుండా రెండోసారి గేర్‌బాక్సు పోయింది.

యూసుఫ్‌గూడలో మా మెకానిక్ ఖాజా భాయ్ బాక్సు కిందికి దించి, లోపలి చక్రాలన్నీ పాత పేపరు మీద వరసగా పరిచి నన్ను పిలిచాడు. అన్నీ నూనెలో నిగనిగలాడుతున్నాయి, ఒక్కటి తప్ప. దాని పళ్ళు అరిగిపోయి, అంచులు పెచ్చులూడి, ముసలి ఎద్దు నోరులా ఉంది.

"మిగతా గేర్లన్నీ సలామత్ ఉన్నయ్ అమ్మా. ఈ టాప్ గేరొక్కటే ఖతం. పోయినసారి గూడ ఇదే పోయింది" అన్నాడు.

"మిగతావాటికి లేని రోగం దీనికెందుకొచ్చింది భాయ్?"

"టాప్ గేరు ఉరకనీకి పెట్టిన్రు, గుంజనీకి కాదు. సాఫ్ రోడ్డు మీద స్పీడ్‌ల ఉన్నప్పుడు ఇది మంచిగ పన్జేస్తది. నిండు లోడ్ ఏసుకోని, ఎత్తు మీద, మెల్లగ పోతున్నప్పుడు గూడ దీంట్లనే గుంజితే మాత్రం బరువంత ఈ సన్న పళ్ళ మీదనే పడ్తది. పళ్ళు పోతయ్, ఎనక బేరింగ్ పోతది. కిందికి గేరు మార్చాలె. మారుస్తలేరు ఎవరో."

ఎవరో అంటే ఇంకెవరు? బండి నడిపేది మా డ్రైవర్ యాదగిరి ఒక్కడే.

యాదగిరికి యాభై దాటాయి. కృష్ణానగర్‌లో ఉంటాడు. మా దగ్గరికి రాకముందు జూబ్లీ హిల్స్‌లో ఒక హీరోయిన్ గారింట్లో చాలా ఏళ్ళు కారు నడిపాడు. ఆవిడ సినిమాలు మానేసి వేరే ఊరు వెళ్ళిపోతే మా దగ్గర చేరాడు. ఇప్పటికీ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకునే వస్తాడు. బండి తలుపు కూడా చప్పుడవకుండా వేస్తాడు. మేం తీసేస్తే ఆ వయసులో అతనికి ఇంకొకరు స్టీరింగ్ ఇవ్వరు. ఆ సంగతి అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

మా ఆయనకి మాత్రం అనుమానం వచ్చేసింది. "మనకి తెలియకుండా కిరాయిలు కొడుతున్నాడు విజయా. ఇసకో, రాళ్ళో ఎక్కిస్తున్నాడు. నేను పక్కనున్నప్పుడు చూడు, బండి పువ్వులా పోతుంది. రెండుసార్లు శ్రీశైలం రోడ్డు మీద అవుట్‌డోర్ షూటింగ్‌కి వెళ్ళాం, ఒక్క కుదుపు లేదు. నేను లేనప్పుడే ఏదో జరుగుతోంది" అన్నారు. అనడమే కాదు, కొత్త డ్రైవర్‌తో మాట్లాడేశారు కూడా. ఇంకొక్క ట్రిప్పు, దాంట్లో బాక్సు ఏమాత్రం మూలిగినా యాదగిరికి సెలవు.

ఆ ఒక్క ట్రిప్పే శ్రీశైలం దారిలో దోమలపెంట. అక్కడ ఊరి బయట ఖాళీ స్థలంలో రాజదర్బారు సెట్టు వేశారు. దానికి మా సింహాసనం కావాలి. మామూలుగా అయితే మా ఆయన వెళ్ళేవారే గానీ, నడుం పట్టేసి మంచం దిగలేకపోతున్నారు. నాకు ఇదే అదను అనిపించింది.

"నేను వెళ్తాను. దారి పొడుగునా పక్కనే కూర్చుని నా కళ్ళతో చూస్తాను. నేనొచ్చి చెప్పేదాకా ఎవర్నీ తీసెయ్యడాలు లేవు" అన్నాను. నేను గట్టిగా అంటే మా ఇంట్లో దానికి తిరుగు లేదు.

అలా కొత్త గేర్‌బాక్సుతో, తెల్లవారుజామున ఐదు దాటాక ఫిల్మ్ నగర్ నుంచి బయల్దేరాం. వెనక తొట్టిలో టేకు సింహాసనం, దాని చేతుల కింద కూర్చునే రెండు సింహాలు, ఇత్తడి సెమ్మెలు, స్తంభాల దిమ్మెలు. ఇవి చాలవన్నట్టు ఒక ఫిరంగి. డమ్మీదే, కాకపోతే ఇనప డమ్మీ. టైర్లు అప్పుడే కాస్త నలిగి కనిపించాయి. షేక్‌పేట వైపు దిగుతుంటే పొద్దున్నే నడకకి బయల్దేరిన పెద్దాయన ఒకాయన ఆగి, తాళ్ళ మధ్యలోంచి తొంగిచూస్తున్న సింహాన్ని చూసి, "ఎవరికండీ పట్టాభిషేకం?" అన్నారు. ఇంకా తేలలేదన్నాను.

రింగు రోడ్డు మీద బండి హాయిగా పోయింది. ఖాజా భాయ్ చెప్పినట్టు అది టాప్ గేరు రాజ్యమే. నేను మాత్రం గేర్ రాడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు. పాపం యాదగిరికి చెమటలు పట్టాయి.

"అమ్మా, ఏసీ లేదు గదా, అద్దం జర దించమంటరా?"

"నాకేం వద్దు. నువ్వు రోడ్డు చూడు."

తుక్కుగూడ దగ్గర రింగు దిగి శ్రీశైలం రోడ్డు ఎక్కాం. అక్కణ్ణుంచి రోడ్డు పైకీ కిందికీ అలలాగా పోతుంది. ఇక్కడ దొరికిపోతాడు అనుకుని నడుం నిటారు చేసుకుని కూర్చున్నాను. ఏం దొరకడం! ఎత్తు మొదలవగానే నాలుగు, ఇంకాస్త ఎక్కగానే మూడు. క్లచ్ తొక్కడం, రాడ్డు వెయ్యడం, వదలడం, అన్నీ సంగీతం మాస్టారిలా తాళంలో చేస్తున్నాడు. ఇంజను ఒక్కసారి కూడా మూలగలేదు.

మైసిగండి గుడి దగ్గర బండ్లన్నీ ఆగుతాయి. అమ్మవారికి దండం పెట్టుకోకుండా ఏ డ్రైవరూ ముందుకు పోడు. యాదగిరి చెప్పులు విడిచి, కొబ్బరికాయ కొట్టి, బొట్టు తెచ్చి ముందు బంపరుకి పెట్టాడు. తర్వాత వంగి, బండి కింద గేర్‌బాక్సుకి కూడా పెట్టాడు.

"అమ్మవారిని ఏం కోరుకున్నావు?"

"ఏం కోరుకుంట అమ్మా. ఈ డబ్బ సల్లగుండాలె, నా నౌకరి సల్లగుండాలె."

అతను నవ్వుతూనే అన్నాడు గానీ నేను నవ్వలేకపోయాను. అప్పటిదాకా ఇదేదో సరదా డిటెక్టివ్ పనిలా ఉండింది నాకు.

ఆమనగల్లులో టిఫిన్. రోడ్డు పక్క రేకుల షెడ్డులో ఇడ్లీ, వడ, మిరపకాయ బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి. పల్లీ చట్నీ బాగుంది, అల్లం చట్నీ ఇంకా బాగుంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినండి, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను మామూలుగా రెండిడ్లీల మనిషిని. ఆ రోజు ఎన్ని తిన్నానో చెప్పను. హోటలావిడ బయటికొచ్చి తొట్టిలోకి చూసి, "ఏందమ్మా, సింహాలను యాడికి తోల్కవోతున్రు?" అంది. అడవికే అన్నాను. "మంచిగయింది, ఆటి ఇంటికే" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

అక్కణ్ణుంచే మా ఆయనకి ఫోన్ చేశాను.

"చాలా బాగా నడుపుతున్నాడండీ. నాకేం తప్పు కనబడటం లేదు."

"నువ్వు కళ్ళప్పగించి చూస్తుంటే బాగా నడపక ఏం చేస్తాడు? నటన. ఇరవై ఏళ్ళు సినిమావాళ్ళింట్లో ఉన్నాడు మరి!"

ఒళ్ళు మండింది గానీ, ఆ మాటలో కాస్త న్యాయం లేకపోలేదనిపించింది. నేను చూస్తుండగా తప్పు చెయ్యడు. చూడకుండా ఎలా చూడాలి? ఈ ప్రశ్న పెట్టుకుని కల్వకుర్తి దాటాను, డిండి దాటాను. డిండి చెరువు నీళ్ళు ఎండలో తళతళలాడుతున్నాయి, గట్టు మీద చేపల కొట్లవాళ్ళు అప్పుడే పొయ్యిలు ముట్టిస్తున్నారు.

మన్ననూరు చేరేసరికి తొమ్మిది కావస్తోంది. ఇక్కడ అడవిశాఖ చెక్‌పోస్టు ఉంటుంది. రాత్రిళ్ళు ఈ గేటు మూసేస్తారు, కాబట్టి చీకట్లో రాకండి. అక్కడి ఉద్యోగి తొట్టిలో ఫిరంగిని చూసి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. తర్వాత, "ఇది పేలుతదా?" అని అడిగాడు. యాదగిరి కిందికి దిగి, దాని గొట్టంలో చెయ్యి పెట్టి, లోపల దాచిన మా తాళ్ళ ఉండ బయటికి తీసి చూపించాడు. రసీదు రాసిచ్చారు.

గేటు దాటగానే అడవి. రెండు పక్కలా చెట్లు, చల్లగాలి, రోడ్డు మీద కోతులు. తెల్లవారుజామున లేచిన ఒళ్ళు, కడుపులో ఆమనగల్లు ఇడ్లీలు. ఘాట్ మొదలవుతోందని, ఇప్పుడే అసలు చూడాల్సిందని తెలుసు. తెలిసి కూడా తల కిటికీకి ఆనించాను. అంతే, ఆ తర్వాత నాకు తెలియదు.

మెలకువ రావడానికి కారణం చప్పుడు కాదు, వణుకు. సీటు, తలుపు, నా దవడ అన్నీ ఒకేలా వణుకుతున్నాయి. లోపల ఎక్కడో దబదబమని కొడుతోంది. లేవబోయి, ఏదో బుద్ధి పుట్టి ఆగిపోయాను. ఒక్క కన్ను కొద్దిగా తెరిచి చూశాను.

ఎదురుగా రోడ్డు గోడలా లేచి ఉంది. బండి సైకిలు వేగంతో పోతోందంతే. గేర్ రాడ్డు టాప్‌లో ఉంది! కొత్త బాక్సు, నిండు లోడు, ఘాట్ ఎత్తు, టాప్ గేరు! యాదగిరి ఎడమ చెయ్యి రాడ్డు మీదే ఉంది, కానీ మార్చడం లేదు. రోడ్డు చూస్తున్నాడు, నా వైపు చూస్తున్నాడు, మళ్ళీ రోడ్డు చూస్తున్నాడు. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది. మార్చు మార్చు అని మనసులో అరుస్తున్నాను. పైకి అరిస్తే నిజం తెలియదు కదా, అందుకని నిద్ర నటించాను. సినిమావాళ్ళ మధ్య నేనూ ఇన్నేళ్ళు ఉన్నదాన్నే.

మలుపు వచ్చింది. బండి ఒక్కసారి పెద్దగా ఊగి, టప్పున ఆగిపోయింది. ఆ వెంటనే వెనక్కి జారడం మొదలుపెట్టింది. తొట్టిలో ఫిరంగి కదిలిన చప్పుడు, వెనక లారీ హారను, నా కేక, మూడూ కలిసిపోయాయి. యాదగిరి బ్రేకు మీద దాదాపు నిలబడ్డాడు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. బండి ఆగింది. నా గుండె మాత్రం లోయలోకి జారిపోయింది.

యాదగిరి నా వైపు తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది.

"లేసిన్రా అమ్మా? మాఫ్ చెయ్యున్రి. మంచిగ పండుకున్నరు, లేపిన."

నేను నోరెళ్ళబెట్టాను. బండి లోయలో పడబోయినందుకు కాదు, గేర్‌బాక్సు నలిగినందుకు కాదు, నన్ను నిద్రలేపినందుకు క్షమాపణ!

"ముందు దిగి టైర్ల కింద రాళ్ళు పెట్టు!" అన్నాను.

ఇద్దరం దిగి చెరో పక్కా రాళ్ళు పెట్టాం. లారీ అతను పక్కనుంచి దాటేస్తూ, "ఏందన్నా, గిన్ని గేర్లిస్తే ఒక్క దాంట్లనే ఎక్కిస్తవా?" అని అరిచి పోయాడు. అతని నోట్లో చక్కెర పొయ్య, నేనడగాల్సింది అతనే అడిగాడు.

"చెప్పు యాదగిరీ. తుక్కుగూడ నుంచి మన్ననూరు దాకా తాళం తప్పకుండా గేర్లు మార్చావు. ఇక్కడేమైంది? చెయ్యి పడిపోయిందా?"

అతను రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

"మీరు పండుకున్నరు గదమ్మా. మనిషి పండుకుంటే నాకు గేరు మార్చ చెయ్యి రాదు. మా హీరోయిన్ మేడం దగ్గర గట్ల అలవాటయింది. రెండు షూటింగుల నడుమ మేడంకు కార్లనే నిద్ర. గంట దొరికితే గంట, అద్దగంట దొరికితే అద్దగంట. గేరు తగ్గిస్తే ఇంజను ఒర్లుతది, మేడం లేస్తది. లేస్తే మల్ల నిద్ర పట్టది ఆమెకు. జూబ్లీ హిల్స్ ఎత్తులన్నీ టాప్‌లనే ఎక్కిచ్చేటోన్ని నేను. మా డ్రైవర్లల్ల గదే లెక్క అమ్మా. ఎవరి బండ్ల పండుకున్నోళ్ళు లేవరో, ఆడే ఉస్తాద్. నేను ఎన్నడు ఒక్కసారి గూడ మేడంను లేపలే."

ఆ ఆఖరి మాట అంటుంటే ఆ రాయి మీద కూడా నడుం నిటారుగా అయింది.

"అది ఉత్త మనుషులు కూర్చునే కారు యాదగిరీ, దానికి చెల్లింది. ఇక్కడ వెనక టేకు సింహాసనం, ఇనప ఫిరంగి!" అన్నాను. అంతలో నా బుర్రలో వెలిగింది. "మరి సారు నీతో వచ్చినప్పుడు? ఆయనేం చేసేవారు?"

యాదగిరి తల వంచుకున్నాడు. చెప్పడం ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది.

"చెప్పు, ఫరవాలేదు."

"సారు తుక్కుగూడ దాటంగనే పండుకుంటరమ్మా. రెండుసార్లు గూడ మన్ననూరుల లేవలే, లొకేషన్‌ల నేనే లేపిన. గురక గూడ పెడ్తరు. ఎట్ల మార్చాలె గేరు?"

నవ్వాపుకోలేకపోయాను. అడవిలో, సగం ఎత్తులో, రాళ్ళ మీద నిలబెట్టిన బండి పక్కన నిలబడి పగలబడి నవ్వాను. ఒక్క కుదుపు లేదట, పువ్వులా పోయిందట! రెండు గేర్‌బాక్సుల్నీ మా ఆయన గురక తినేసింది. యాదగిరి ముందు బిక్కచచ్చి చూశాడు, తర్వాత అతను కూడా చిన్నగా నవ్వాడు.

మొదటి గేరులో బండి కదిలింది. బాక్సులో చప్పుడు లేదు. అమ్మవారి దయ అన్నాడు యాదగిరి, కొత్త బాక్సు గట్టితనం అన్నాను నేను. ఘాట్ పైకెక్కాక రోడ్డు చదునైంది. వటవర్లపల్లి దాటి పదిన్నర ప్రాంతంలో దోమలపెంట చేరాం. ఆర్ట్ డైరెక్టర్ కుర్రాడు రోడ్డు మీదకే ఎదురొచ్చాడు.

"సింహాసనం వచ్చింది, బతికాం మేడం! ఈ ఫిరంగి ఎందుకండీ?"

"దర్బారు అన్నావుగా. ఎందుకైనా మంచిదని ఎక్కించాను."

"దర్బారులో ఫిరంగి ఎవరు పేలుస్తారండీ?"

ఏమంటాను? యాదగిరి వేరే వైపు చూస్తున్నాడు. మర్యాదస్తుడు. ఇప్పటినుంచి ఏది ఎక్కించినా, ముందు అది అక్కడ కావాలో లేదో అడిగి ఎక్కించాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను. బరువు నా వాటా, గేరు అతని వాటా.

యూనిట్ భోజనం బాగుంది. వంకాయ కూర, పప్పు, పెరుగు, అరిటాకులో. వెలిగించిన సెమ్మెల మధ్య సింహాసనాన్ని చూస్తే నాకే లేచి నమస్కారం పెట్టాలనిపించింది. కానీ మనసు అక్కడ లేదు. యాదగిరి ఒక చెట్టు కింద విడిగా కూర్చుని తింటున్నాడు. నలుగురిలోకి రాలేదు. తప్పు తెలిసిపోయింది, ఇంక పని పోయినట్టే అనుకుంటున్నాడని చూస్తేనే తెలుస్తోంది.

అంతకుముందు పాట కోసం ఇచ్చిన మా రాతి తిరగళ్ళు, భోషాణాలు, ఎలాగూ అక్కర్లేని ఫిరంగి, ఇవన్నీ ఎక్కించుకుని మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. ఘాట్ దిగేటప్పుడు నేను కళ్ళు ఇంతింత చేసుకుని మేలుకునే ఉన్నాను. రెండో గేరులో, బ్రేకు మీద భారం పడకుండా, చక్కగా దించాడు.

డిండిలో ఆగాం. చెరువు చేపలు ఉప్పూకారం పట్టించి అప్పటికప్పుడు వేయించి ఇస్తారు. ముళ్ళు ఎక్కువ, రుచి ఇంకా ఎక్కువ. ఆ కొట్టు వెనక చింతచెట్టు నీడలో నిలబడి మా ఆయనకి ఫోన్ చేశాను.

"తేలిందా?" అన్నారు.

"తేలింది. పక్కనున్నవాళ్ళు నిద్రపోతే మన గేర్‌బాక్సు అరుగుతోంది." అంటూ జరిగిందంతా చెప్పాను.

"నేనెప్పుడు నిద్రపోయాను?" అన్నారు.

"గురక కూడా పెట్టారట."

అటునుంచి మంచం కిర్రుమంది. తర్వాత నెమ్మదిగా అన్నారు. "సరే, కిరాయిలు కొట్టడం లేదు. అనుమానించడం నాదే తప్పు. కానీ విజయా, ఇన్నేళ్ళ అలవాటు. నువ్వు చెప్పగానే మానేస్తాడా? పక్కన ఎవరో ఒకరు కునుకు తియ్యకుండా ఉంటారా? మూడో బాక్సు మనం వేయించగలమా, చెప్పు."

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఒక్కటే దారి తోచింది.

బండి దగ్గరికి వచ్చి యాదగిరికి ఉన్నదున్నట్టు చెప్పాను. "సారు కొత్త డ్రైవర్ని ఇంకా వద్దనలేదు. నీ నౌకరి ఉండాలంటే ఈ అలవాటు పోవాలి. ఇప్పుడు నేను నిద్రపోతాను. ఉత్తుత్తి నిద్ర కాదు, నిజం నిద్ర. ఎత్తు రాగానే నువ్వు గేరు మార్చాలి. నేను లేస్తే లేస్తాను."

అతని మొహం చిన్నబోయింది. "అట్ల నాతోని గాదమ్మా. మీరు మేల్కోనుండున్రి, మీరెట్ల చెప్తే అట్ల నడుపుత."

"నేను ప్రతి ట్రిప్పుకీ రాలేను కదా."

"పండుకున్న మనిషిని లేపుడంటే..." అని ఆగిపోయాడు. స్టీరింగ్ పట్టుకున్నాడు.

నిద్ర నటించాల్సిన పని లేకపోయింది. చేపలు, ఎండ, అలసట కలిసి డిండి ఊరు దాటకముందే పడేశాయి. కానీ ఎత్తు మొదలైనప్పుడు ఎలా తెలిసిందో, ఒంటికి తెలిసింది. ఆ వణుకు. నిద్రలోనే పళ్ళు బిగపట్టాను. వణుకు పెరిగింది, ఇంజను కింద దబదబ మొదలైంది. అయిపోయింది, ఇతని వల్ల కాదు, పోయింది ఇతని పని అనుకున్నాను. కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఇతనికి సాయం చేసినట్టవుతుంది. నా పక్కన పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడు వినబడింది.

తర్వాత బండి గుర్రుమని అరిచింది. మూడో గేరు! నా తల ఠంగుమని కిటికీకి కొట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి యాదగిరి నా వైపు చూడకుండా, రోడ్డునే చూస్తూ, చెయ్యి రాడ్డు మీద బిగించి కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. బండి ఎత్తు మీదికి సుబ్బరంగా ఎక్కేసింది.

"లేపిన అమ్మా" అన్నాడు. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు అన్నాడు.

"శెభాష్" అన్నాను తల రుద్దుకుంటూ. నాకూ కళ్ళు చెమర్చాయి, కొంత దెబ్బ వల్ల కూడా.

అక్కణ్ణుంచి మొదలు. వంగూరు గేటు దగ్గర లేపాడు, కల్వకుర్తి ముందొకసారి, వెల్దండలో ఒకసారి, కడ్తాల్ దగ్గర రెండుసార్లు. మొదట్లో ప్రతిసారీ "మాఫ్ చెయ్యున్రి" అనేవాడు. ఆమనగల్లు వచ్చేసరికి అది మానేశాడు. తుక్కుగూడ దగ్గర నేను ఉలిక్కిపడి లేస్తే కొంటెగా నవ్వాడు కూడా. ఇంత తొందరగా ముదురుతాడనుకోలేదు.

దీపాలు పెట్టేవేళకి షేక్‌పేట నుంచి ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కాం. ముందూ వెనకా కార్లు, ఆటోలు. వాటి మధ్య మా బండి రెండో గేరులో, వీధి వీధంతా వినబడేలా అరుచుకుంటూ పైకెక్కింది. షాపు ముందు ఆగేసరికి మా ఆయన నడుం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. చప్పుడు వినే మంచం దిగి వచ్చారట.

ముందు నా మొహం చూశారు. చెదిరిన జుట్టు, నుదుటి మీద బొప్పి. తర్వాత యాదగిరి వైపు చూశారు. అతను దిగి, చేతులు కట్టుకుని, బండి పక్కన నిలబడ్డాడు.

"ఏం, దారిలో కాస్తయినా నిద్రపోయావా?" అని నన్నడిగారు.

"ఎక్కడండీ! డిండి నుంచి ఇక్కడిదాకా కంటి మీద కునుకు పడనివ్వలేదు మీ డ్రైవరు."

మా ఆయన యాదగిరిని కాసేపు చూసి, జేబులోంచి ఫోన్ తీసి, కొత్త డ్రైవర్‌కి అక్కడే నిలబడి రావద్దని చెప్పారు.